బతికున్న మనిషి ఖాతా

సన్నీవేల్,
4 మార్చి 1984

తమ్ముడు దైవాశీర్వాదానికి,

నేను కోన మగ్దలేనమ్మని. వయసు డెబ్బై ఒకటి. పుట్టింది యానాం. ఫ్రెంచి సిపాయి కోన ఇన్నయ్య గారి భార్యగా సైగాన్‌లో కాపురం చేశాను. ఆయన పోయాక ఫ్రెంచి పాస్‌పోర్టు పట్టుకుని నీ వెనకాలే పారిస్ పక్క సార్సెల్‌కి వచ్చాను. రెండేళ్ళ నుంచి ఇక్కడ కాలిఫోర్నియాలో నా కూతురింట్లో ఉన్నాను. ఈ ఇంట్లో నేను, లూసీ, అల్లుడు ఆనందబాబు, మనవరాలు మీనా ఉంటాం. ఇవన్నీ నీకు తెలియవని కాదు. దావాకి ముందు పేరూ ఊరూ ఇంటివాళ్ళ సంగతీ చెప్పుకోవాలని, యానాం కచేరీలో గుమాస్తాగా ఉన్నప్పుడు నువ్వే అందరికీ చెప్పేవాడివి. కాబట్టి దీన్ని దావా అనుకునే చదువు. నేను చెబుతుంటే లూసీ రాస్తోంది. ఒక్క మాట మింగినా ఊరుకోనన్నాను.

మీ బావగారి పింఛను నా పేర పారిస్ బ్యాంకులో పడుతుంది. ఇక్కడికి వచ్చేముందు, నా బదులు ఆ ఖాతా నడపమని నీకు ముక్త్యారునామా రాసిచ్చాను. మూడు నెలలకోసారి డ్రాఫ్టు పంపుతూ వచ్చావు, కాదనను. క్రిస్మస్ వెళ్ళాక ఒక్కటీ రాలేదు. రెండు ఉత్తరాలు రాయించాను, జవాబు లేదు. ఏమైందిరా నీకు?

అల్లుడు మంచివాడే. "అత్తయ్య గారూ, మీకేం కావాలన్నా నేను తెస్తాను కదా" అంటాడు. నాకు మండేది అక్కడే. ఆదివారం చర్చిలో కానుక పళ్ళెం నా ముందుకి వచ్చినప్పుడు లూసీ నా గుప్పిట్లో డాలరు పెడుతుంది, పసిపిల్ల చేతిలో పెట్టినట్టు. వాళ్ళ డబ్బు నా చేత్తో వేస్తే ఆ కానుక దేవుడు ఎవరి లెక్కలో రాసుకుంటాడు?

అందుకని నా పేర ఇక్కడే ఒక ఖాతా తెరవాలని బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో పిల్ల ఒక కార్డు ఇచ్చి సైన్ చేయమంది. నేను బొటనవేలు చూపించాను. దెబ్బ తగిలిందనుకుందో ఏమో, పాపం, లోపలికి వెళ్ళి ప్లాస్టర్ తెచ్చి ఇచ్చింది. వేలిముద్రకి ఖాతా ఇవ్వరట. ఇంటికి వచ్చాక ఆనందబాబు, "జాయింట్ ఎకౌంట్ ఓపెన్ చేద్దాం అత్తయ్య గారూ, సైన్ నేను చేస్తాను" అన్నాడు. "నాయనా, మీ మావగారితో ముప్పై ఏళ్ళు జాయింటుగానే ఉన్నాను, ఇంక చాలు" అన్నాను.

ఇంకొకటి. నవంబరులో నువ్వు పంపిన కాగితంలో, నేను బతికే ఉన్నాననీ, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదనీ ముద్ర వేయమన్నావు. బతికున్నావా అంటే సరే. ఈ వయసులో పెళ్ళి చేసుకున్నావా అని సొంత తమ్ముడు అక్కని అడుగుతాడా? అయినా ముద్ర వేసి పంపాను. కోపం మాత్రం దిగలేదు.

ఆగిన డ్రాఫ్టు పంపు. ఆ ముక్త్యారునామా రద్దుకి ఏం కాగితం కావాలో రాయి.

నీ అక్క మగ్దలేనమ్మ వేలిముద్ర



సార్సెల్,
19 మార్చి 1984

చిరంజీవి సౌభాగ్యవతి లూసీకి,

మావయ్య దీవించి రాయునది. ఈ జవాబు నీకే రాస్తున్నాను. అక్కయ్య పేర వచ్చిన ఉత్తరాలన్నీ నీ చేతిరాతలోనే ఉన్నాయి కనుక.

అమ్మా, నేను యానాం కచేరీలో ఇరవై ఏళ్ళు వేలిముద్రలు వేయించిన మనిషిని. మనూళ్ళో ఆడవాళ్ళ చేత కుడి బొటనవేలే వేయించేవాళ్ళం. మా అక్కయ్య కుడి బొటనవేలికి చక్రం ఉంది, గుండ్రంగా, పిండివంట చుట్టలాగ. నాకిచ్చిన ముక్త్యారునామా మీద అదే చక్రం. నవంబరు కాగితం మీద చూస్తే శంఖం, ఒక పక్కకి వాలిపోయి ఉంది. నిన్న వచ్చిన ఉత్తరం మీదా శంఖమే. భూతద్దం పెట్టి చూశాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. చక్రం శంఖం అవదమ్మా. మనిషి మారితే తప్ప అవదు.

కంగారుపడి జనవరిలో ఫోన్ చేశాను. "అమ్మ మాట్లాడనంటోంది మావయ్యా" అన్నావు. నేను పుట్టాక మా అక్కయ్య మాట్లాడనన్న రోజు చూడలేదు. పంటినొప్పితో బుగ్గ వాచినప్పుడు కూడా మాట్లాడింది. ఆ పూటే నాకు అర్థమైంది.

నువ్వూ అల్లుడూ ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నారని నిరుడు రాశావు. చేతికి డబ్బు అవసరం ఉంటుంది. మనిషి పోయినా పింఛను ఆగకుండా ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. నిన్ను తిట్టను. ఇది ఫ్రెంచి ప్రభుత్వం సొమ్ము, తెలిస్తే జైలు. అందుకే డ్రాఫ్టులు ఆపాను.

నాకు ఒక్కటే చెప్పు తల్లీ. అక్కయ్యని ఎక్కడ పెట్టారు? ఆ చోటు పేరు రాయి. ఎవరో ఒకరు వెళ్ళి పూలు పెట్టాలి కదా.

ఇట్లు,
మీ మావయ్య దైవాశీర్వాదం



సన్నీవేల్,
31 మార్చి 1984

ఒరే ఆశీర్వాదం,

నీ ఉత్తరం లూసీ చదివి వినిపించింది. నా చావు కబురు నా కూతురి నోటే నాకు చెప్పించావు. సగంలో ఆపేసి, "మావయ్య నన్ను దొంగ అంటున్నాడమ్మా" అని ఏడ్చింది. చచ్చానన్నందుకు నేను ఏడవలేదు గానీ, దొంగ అన్నందుకు అది ఏడ్చింది. నీకు మేనకోడలు ఒక్కతే కదరా.

లూసీ రాత మీద నీకు నమ్మకం లేదు కనుక ఇది పక్క అపార్ట్‌మెంటులో ఉండే రాధారాణి చేత రాయిస్తున్నాను. నెల్లూరు పిల్ల, హిందువులు. మన డబ్బుతో దానికేం పని లేదు.

విను. ఇక్కడ పొయ్యికి మంట ఉండదు. ఇనప చుట్ట ఒకటి ఉంటుంది, కరెంటు పెడితే ఎర్రగా అవుతుంది, ఆపితే నల్లబడుతుంది. నల్లబడితే చల్లారినట్టే అనుకున్నాను, మన బొగ్గులాగ. నవంబరులో చుట్ట కింద పడిన బియ్యపు గింజ తీయబోయి కుడి బొటనవేలు దాని మీద ఆనించాను. తోలు ఊడి వచ్చింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే, "ఇంక మీరు స్టవ్ దగ్గరికి రాకండి" అంటాడు అల్లుడు. ఆ వంటగదిలో తప్ప నాకు ఈ దేశంలో ఇంకెక్కడ పెత్తనం ఉంది? కొంగు చుట్టుకుని తిరిగాను. నీ కాగితం ఆ వారమే వచ్చింది. ఎడమ వేలు వేశాను, అప్పటి నుంచి అదే వేస్తున్నాను. అయితే ఏం? ఎడమది మాత్రం పక్కింటావిడదా?

ఫోన్‌లో ఎందుకు మాట్లాడలేదంటావా? పెళ్ళి చేసుకున్నావా అని అడిగినవాడితో మాట్లాడాలా? ఇప్పుడూ ఫోన్ చేయకు, రాను. నా ముద్ర చూసి నమ్మనివాడు నా గొంతు విని నమ్మితే నాకేం గౌరవం? నా వేలే నా మాట. ఈ వయసు దాకా ఆ ఒక్కటే పెట్టుబడి.

అయినా గుమాస్తావి, సాక్ష్యం అడుగుతావు. తీసుకో. నువ్వు ఫ్రెంచి బడిలో సెర్తిఫికా పరీక్ష మొదటిసారి తప్పావు. నాన్నతో పాసయ్యానని చెప్పి వీధంతా బెల్లం మిఠాయి పంచావు. ఆ మిఠాయికి డబ్బు నా రెండు కోడిపెట్టలు అమ్మి ఇచ్చాను. ఇది మీ బావకి కూడా చెప్పలేదు. ఈ పూటే మొదటిసారి నోరు విప్పాను, రాధారాణి పెన్ను పక్కన పెట్టి పావుగంట నవ్వింది.

ఇప్పుడు చెప్పు, నేను చచ్చానా, ఉన్నానా?

మగ్దలేనమ్మ
(ఇది కుడి వేలు. మచ్చ కట్టింది, నీ చక్రం పోయింది. చూసుకో.)



సార్సెల్,
16 ఏప్రిల్ 1984

ప్రియమైన అక్కయ్యకి,

నమస్కారాలు. కోడిపెట్టల దగ్గరికి వచ్చేసరికి చదవలేకపోయాను. కాగితం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను. నువ్వే. ఆ తిట్లు ఎవరూ నేర్చుకుని రాయలేరు. లూసీకి విడిగా క్షమాపణ ఉత్తరం వేశాను.

అయితే అక్కయ్యా, ఒక పొరపాటు జరిగిపోయింది. ముద్ర మీద అనుమానం ఉందని నేను ఫిబ్రవరిలో పింఛను ఆఫీసుకి రాసేశాను. రాయకపోతే తప్పు నాదవుతుంది. వాళ్ళు పింఛను ఆపారు. నేనే పొరపాటు పడ్డానని ఇప్పుడు వెళ్ళి చెబితే ఒప్పుకోవడం లేదు. నువ్వు పాస్‌పోర్టు తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న ఫ్రెంచి కాన్సులేటుకి స్వయంగా వెళ్ళి కనపడాలి. బతికున్నట్టు వాళ్ళు కాగితం ఇస్తేనే మళ్ళీ మొదలు. జూన్ ఆఖరు దాటితే ఫైలు మూసేస్తారట. మూసిన ఫైలు తెరిపించడం నావల్ల కాదు.

ఖాతా సంగతి. కోపం తెచ్చుకోకుండా విను. అమెరికాలో ఖాతా నీకెందుకు? ఫ్రాంకు డాలరు మారేటప్పుడే సగం కొరుక్కుతింటారు. ఆనందబాబు చెడ్డవాడనను, కానీ ఇల్లు కొనేవాడి పక్కన డబ్బు పెట్టడం ఎండలో వెన్న పెట్టడమే. కాన్సులేటు పని అయ్యాక నీ డబ్బు ఎప్పటిలాగే ఇక్కడ నా చేతిలో ఉండనీ. అడిగినప్పుడల్లా పంపుతాను. లేదా సంతకం నేర్చుకో. పేరులో మొదటి అక్షరం నేర్చుకున్నా చాలు.

ఇట్లు,
నీ తమ్ముడు



సన్నీవేల్,
27 మే 1984

తమ్ముడూ,

రాధారాణి రాస్తోంది. దానికి రేపు ఊరెళ్ళే పని ఉంది, అందుకని తొందరగా చెబుతున్నాను.

నా పింఛను నువ్వే ఆపించి, మళ్ళీ నీ చేతిలోనే ఉండనీ అంటావు. తలుపుకి తాళం వేసినవాడు తాళంచెవి దాచినందుకు జీతం అడిగినట్టుంది. సరే, అది పక్కన పెట్టు.

కాన్సులేటుకి వెళ్ళాను. లూసీ సెలవు పెట్టి డ్రైవ్ చేసింది. గంటన్నర దారి, పాస్‌పోర్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ కుర్రాడు లూసీతో ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. నేను మధ్యలోకి వచ్చి ఫ్రెంచిలో అందుకున్నాను. నా ఫ్రెంచి నీకు తెలుసు కదా, సైగాన్ సిపాయిల బారకాసుల ఫ్రెంచి. దాంట్లో మర్యాదలు లేవు, హుకుములే ఉన్నాయి. "నిలబడు. ఇటు చూడు. మళ్ళీ చెప్పు." ఇవే మీ బావ నేర్పింది. కుర్రాడు నిజంగానే లేచి నిలబడ్డాడు! ఎడమ వేలా కుడి వేలా అని అడగలేదు. పాస్‌పోర్టు చూశాడు, నా మొహం చూశాడు, అయిపోయింది. ఆఖర్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా మేడమ్ అన్నాడు. "ఎవరైనా ఉంటే చూపించు, ఆలోచిస్తాను" అన్నాను. నవ్వి ముద్ర కొట్టాడు, ఒక ప్రతి పింఛను ఆఫీసుకి వాళ్ళే పంపుతారట. నువ్వు అడిగితే తప్పయింది, అతను అడిగితే నవ్వొచ్చిందేమని అడగకు. అతను నా తమ్ముడు కాదు.

ఆ కాగితం పట్టుకుని ఆ వారమే బ్యాంకుకి వెళ్ళాను. ఈసారి లూసీ వద్దన్నాను, రాధారాణిని తీసుకెళ్ళాను. ప్లాస్టర్ పిల్లని కాదని పెద్దమనిషిని పిలవమన్నాను. తల నెరిసిన మేనేజరు వచ్చాడు. నేను చెప్పిందంతా రాధారాణి ఇంగ్లీషులో చెప్పింది. "సైన్ చేయలేనివాళ్ళు ఒక మార్కు పెట్టొచ్చు, ఇద్దరు సాక్షులు ఉండాలి" అన్నాడు. ఈ సంగతి ఆ పిల్లకి తెలియదు, తెలియకుండానే నన్ను వెనక్కి పంపింది. మార్కు ఎలా ఉంటుందో చూపించమన్నాను. కాగితం మీద ఇంటూ గుర్తు గీశాడు.

అది నేను పెట్టనన్నాను. మీనా లెక్కల పుస్తకంలో తప్పు చేసిన చోట టీచరు పెట్టేది అదే. నేనేమన్నా తప్పు లెక్కనా? రాధారాణి ఆ మాట చెప్పడానికి మొహమాటపడింది. చెప్పమన్నాను. మేనేజరు బుర్ర గోక్కుని, "మరి ఆవిడకి ఏది కావాలి?" అన్నాడు. పెన్ను తీసుకుని నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత పెట్టాను. సిలువ. "ప్రతిసారీ ఇదే పెడతారా, మారదు కదా?" అన్నాడు. ఇప్పటిదాకా మారలేదు, ఇక నా కోసం మారుతుందా అన్నాను. సాక్షులుగా రాధారాణి, ఫోన్ చేస్తే వచ్చిన వాళ్ళాయన జగదీష్ సంతకం పెట్టారు. చెక్కు మీద సిలువ పెట్టాలంటే బ్యాంకులో వాళ్ళ ఎదుటే పెట్టాలట. నడిచే దూరమే, రోజూ వెళ్ళమన్నా వెళ్తాను.

నీ భయం కూడా తీరుస్తాను. ఆనందబాబు ఇల్లు కొనడానికి డబ్బు అడిగాడు. నేను దాచను, అతనూ దాచలేదు, నలుగురి ముందే అడిగాడు. ఇస్తాను గానీ అప్పుగా ఇస్తానన్నాను. బ్యాంకువాడికి నూటికి పదమూడు కడతావు కదా, నాకు పన్నెండు కట్టు. ముందు నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు కూర్చుని లెక్క వేసుకుని, "అత్తయ్య గారూ, పదకొండు చేయండి" అన్నాడు. పన్నెండే. ఒప్పుకున్నాడు. ఇదిరా నీ వెన్న, నీ ఎండ.

ఇక రెండు పనులు. ముక్త్యారునామా రద్దుకి కాగితం ఎలా రాయాలో చెప్పు. నేను వచ్చిన దగ్గర నుంచి ఖాతాలో జమలూ ఖర్చులూ వరసగా రాసి పంపు.

నీ అక్క
+



సార్సెల్,
11 జూన్ 1984

ప్రియమైన అక్కయ్యకి,

నమస్కారాలు. పింఛను ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కాన్సులేటు కాగితం అందిందట, ఫైలు తెరిచారు, ఆపిన నెలలతో కలిపి వేస్తారు. నువ్వు గెలిచావు.

రద్దు కాగితానికి పెద్ద భాష అక్కర్లేదు. ఫలానా మనిషినైన నేను, ఫలానా వాడికి ఇచ్చిన అధికారం నా ఇష్టప్రకారం తీసేస్తున్నాను అని రాయించి, నీ గుర్తు, ఇద్దరు సాక్షుల పేర్లు ఉంటే చాలు. బ్యాంకుకి దాని ఫ్రెంచి ప్రతి నేను తయారుచేస్తాను.

జమాఖర్చులు వేరే కాగితం మీద రాశాను, జత చేశాను. ఎవరి చేతనైనా చదివించుకో. ఒక ఖర్చు గురించి ముందే చెప్పాలి. చదివించుకుంటే ఎలాగూ బయటపడుతుంది, రాయకుండా వదిలేయడం నాకు చేతకాదు. ఫిబ్రవరిలో నూటయాభై ఫ్రాంకులు, ఇక్కడి చర్చిలో పూజకి. నీ ఆత్మశాంతికి.

నువ్వు పోయావనే అనుకున్నాను అక్కయ్యా. లూసీ చెప్పడం లేదు, సమాధి ఎక్కడో తెలియదు, అట్లా వదిలేయడానికి మనసు రాలేదు. నీ డబ్బుతో నీకు చేయిస్తే న్యాయంగా ఉంటుందనుకున్నాను. పాండిచ్చేరి వాళ్ళు కొందరు వచ్చారు. ఫాదర్ గారు నీ పేరు చదివారు, మదలేన్ కోన అని, పాస్‌పోర్టులో ఉన్నట్టు. ముందు వరసలో మనవాళ్ళు కూర్చునే చోట నేనొక్కణ్ణే ఉన్నాను.

ఆ నూటయాభై నా జేబులోంచి తిరిగి వేస్తాను. ఈ నెల కొంచెం కష్టం, వచ్చే నెల వేస్తాను.

ప్రతి నెలా మొదటి మంగళవారం నీ పని మీద బ్యాంకుకి వెళ్ళేవాణ్ణి. ఇక ఆ దారి వెళ్ళే పని లేదు.

ఇట్లు,
నీ తమ్ముడు దైవాశీర్వాదం



సన్నీవేల్,
24 జూన్ 1984

కోన మగ్దలేనమ్మ అనే నేను, బతికి ఉండి, తెలివితో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయిస్తున్నది.

నా తమ్ముడు దైవాశీర్వాదానికి నా పారిస్ ఖాతా నడపమని నేనిచ్చిన ముక్త్యారునామా ఈ రోజుతో రద్దు. ఇక నుంచి నా పింఛను నా పేర సన్నీవేల్‌లో తెరిచిన ఖాతాలో పడాలి. తీసేదీ వేసేదీ నేనే.

అతని మీద నాకు ఏ అనుమానమూ లేదు. జమాఖర్చుల కాగితం రాధారాణి మొత్తం చదివింది. తపాలా బిళ్ళల దగ్గర నుంచి రాశాడు. ఒక్క ఫ్రాంకు తేడా లేదు. నాకోసం బస్సెక్కిన రోజుల టికెట్టు మాత్రం ఎక్కడా వేసుకోలేదు. అది గమనించాను.

ఇక పూజ సంగతి. ఒరే, బతికున్న అక్కని చంపి, ఆ ఖర్చు కూడా అక్క మీదే రాస్తావా? అది రాధారాణి చదివినప్పుడు లూసీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆనందబాబు బయటికి వెళ్ళి నవ్వి వచ్చాడు. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతుంటే, ఆ ముందు వరస గుర్తొచ్చింది, నువ్వు ఒక్కడివీ కూర్చున్నది.

నూటయాభై తిరిగి వేయొద్దు. జరిగిన పూజ జరిగినట్టే, దాని ఖర్చు నాదే అని ఒప్పుకుంటున్నాను, ఇందుమూలంగా. నేను నిజంగా పోయినప్పుడు మళ్ళీ చేయించకు. ఒక్క మనిషికి రెండుసార్లు కట్టడం నాకు ఇష్టం లేదు. ఆ రోజున నీకు ఏడవాలనిపిస్తే ఏడువు. దానికి ముక్త్యారునామా అక్కర్లేదు.

ఒక సాక్షిగా ఆనందబాబుని పెట్టాను. నీకు నచ్చదని తెలిసే పెట్టాను. సంతకం చేసేముందు ప్రతి మాటా రెండుసార్లు చదువుకున్నాడు, నీలాగే.

ఇది మగ్దలేనమ్మ తన చేత్తో పెట్టిన గుర్తు:

+

సాక్షులు:
రాధారాణి, పక్క అపార్ట్‌మెంటు (ఇది రాసింది కూడా)
ఆనందబాబు, అల్లుడు